మేక మాట్లాడకూడదట

పొద్దున్నే నేను కథ రాసే కార్టూన్ సీరియల్ యానిమాటిక్ చూశాం. 11 నిమిషాల ఎపిసోడ్. స్టోరీబోర్డు బొమ్మలు వరసగా వస్తుంటాయి, వెనక గొంతులు. మా మేక అలారం గడియారం మింగేస్తుంది. కడుపులో అలారం మోగుతుంది. అప్పుడది "లేవండి, తెల్లారింది" అంటుంది. ఆ ముక్క కోసం రెండు రాత్రులు కొట్టుకున్నాను. స్క్రిప్టు చదివినరోజు అందరూ నవ్వారు కూడా. ఇవాళ ఒక్కరు నవ్వితే ఒట్టు.

డైరెక్టర్ గారు డైలాగు తీసేయించి, మేక ఊరికే మనవైపు చూసేలా పెట్టించారు. ముందు 8 ఫ్రేములు. చాల్లేదు. 20 చేశారు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే సెకను కూడా నిండని చూపు. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

డైలాగు పోయిందని కాదు నా బాధ (అబద్ధం, అందుకే). మా దగ్గర గొంతు ముందు రికార్డు చేస్తారు, బొమ్మ తర్వాత కదులుతుంది. మేకకు గొంతిచ్చినాయన ఆ ఒక్క లైనూ ఏడు రకాలుగా చెప్పాడు. ఆరోది బంగారం. ఇక దాన్నెవరూ వినరు.

మధ్యాహ్నం తర్వాతి ఎపిసోడ్ మొదలుపెట్టి "ఊరు ఊరంతా మేక వెంటపడింది" అని రాసి, వెంటనే కొట్టేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటిదే రాస్తే స్టోరీబోర్డు గీసే ఆర్టిస్టు నా బల్ల దగ్గరికొచ్చి, పెన్సిల్ చేతిలో పెట్టి, "మీరే గీయండి" అన్నాడు. నాకు అరనిమిషం, వాళ్లకు వారాలు. ఇప్పుడు నా ఊరంతా తలుపు అవతలే ఉంటుంది. అవతల గోల, ఊగే గడియ, ఇవతల మేక. నిజానికి ఇలాగే ఎక్కువ నవ్వొస్తుంది.

సాయంత్రం అమ్మ ఫోను. "బొమ్మలు వాళ్లు గీస్తారు, మాటలు ఇంకెవరో మాట్లాడతారు, మరి నువ్వు చేసేదేంట్రా?" పదేళ్లుగా ఇదే ప్రశ్న. 1949లో వచ్చిన మొదటి రోడ్ రన్నర్ కార్టూన్‌కు కథ రాసిన మైకేల్ మాల్టీస్ గురించి చెబుదామనుకున్నాను. అందులో ఆ రోడ్ రన్నర్ పక్షి వెంటపడే కయోటీ (తోడేలు లాంటి జంతువు) నోరు విప్పి ఒక్క మాటా అనదు. అప్పట్లో ఆ స్టూడియో రచయితలు చిన్న చిన్న బొమ్మలు గీసి గోడకు గుచ్చేవాళ్లు. ఇదంతా చెబితే "అయితే ఆయనా ఏమీ రాయలేదన్నమాట" అంటుంది. మానేశాను. మేక డైలాగు తీసేశారని మాత్రం చెప్పాను.

"మేకెందుకు మాట్లాడుతుందిరా?" అంది.

రేపటికి 16 పేజీలు పంపాలి, తొమ్మిదో పేజీ దగ్గరున్నాను. అది పక్కన పెట్టి పాత స్క్రిప్టు తెరిచి, ఆ లైను కొట్టేసి, దాని చోట "మేక చూస్తుంది" అని రాశాను.