కోబాల్‌ని జావాలోకి మార్చబోయి కోబాల్‌నే ఉంచుకున్నాం

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ఒక బ్యాంకుకి పనిచేసేవాళ్లం. సేవింగ్స్ ఖాతాల వడ్డీ లెక్కగట్టే కోబాల్ ప్రోగ్రామ్‌ని జావాలోకి మార్చే పని మా టీమ్‌కి వచ్చింది. కోబాల్ 1959లో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. మాలో చాలామంది పేరు వినడమే తప్ప ఆ కోడ్ ఎప్పుడూ చూడలేదు. నేను అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్) కోర్సు చేసి ఈ ఫీల్డ్‌లోకి వచ్చాను కాబట్టి పాత కోడ్ చదివే పని నాకు పడింది.

జావాలో రాయడం తొందరగానే అయిపోయింది. జావాలో దశాంశాలకు మామూలుగా వాడే డబుల్ అనే రకం డబ్బు లెక్కలకు పనికిరాదు, 0.1ని కూడా కచ్చితంగా దాచడం దానికి రాదు. అందుకే దశాంశాల్ని ఉన్నదున్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ వాడాం. టెన్షన్ అంతా పారలల్ రన్‌లో, అంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూడటంలో మొదలైంది. రాత్రి బ్యాచ్‌లో (ఖాతాలన్నిటి లెక్కా ఒకేసారి చేసే రన్) రెండు ప్రోగ్రాములూ ఒకే డేటా మీద నడిపి, పొద్దున రిపోర్టులు పోల్చేవాళ్లం. కొన్ని ఖాతాల్లో సరిగ్గా ఒక్క సెంటు తేడా!

ఉదాహరణకి 10,000 డాలర్లు, ఏడాదికి 4.5 శాతం వడ్డీ, 30 రోజులు అనుకోండి. ఏడాది రేటుని 365తో భాగించి పెట్టే ఫీల్డ్‌లో (ప్రోగ్రామ్‌లో అంకె దాచే గడి) పాయింట్ తర్వాత 8 అంకెలకే చోటుంది. లెక్క లైన్లో రౌండెడ్ (దగ్గరి అంకెకి సవరించు) అని రాయకపోతే మిగతా అంకెల్ని కోబాల్ కోసేస్తుంది. రోజు రేటు 0.00012328 దగ్గర ఆగి, వడ్డీ 36.98 వస్తుంది. మా జావాలో మధ్యలో కోత లేదు, చివర్లో రౌండ్ చేస్తే 36.99. గణితం ప్రకారం జావాదే కరెక్ట్. కానీ ఖాతాదారులకి ఏళ్ల తరబడి వెళ్లిన స్టేట్‌మెంట్లు 36.98 లెక్కతోనే వెళ్లాయి.

ఆ 8 అంకెలు ఎవరు, ఎందుకు పెట్టారో ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. రాసినవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు. జావాలోనూ అక్కడే కోసేలా మార్చాం. ఆ తేడా పోయింది, ఇంకోటి బయటపడింది: ఒక రకం ఖాతాలకు 365 బదులు 360తో భాగిస్తున్నారు. అప్పుడే మేనేజర్‌కి చెప్పాను, "సార్, బ్యాంకు రూల్‌బుక్ ఈ ప్రోగ్రామే. ఇంకెక్కడా రాసి లేదు."

చివరికి వడ్డీ లెక్క కోబాల్‌లోనే ఉంచి, దాన్ని ఏపీఐగా, అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునేలా బయటికిచ్చాం. స్క్రీన్లు, మొబైల్ యాప్ జావా వైపు వెళ్లాయి. పాత భాష మీద మమకారంతో తీసుకున్న నిర్ణయం కాదిది. ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్కని కదిలిస్తే ఏ ఖాతాలో ఏం మారుతుందో హామీ ఇవ్వగలిగినవాళ్లు మాలో ఎవరూ లేరు.

మీకూ ఇలాంటి పని వస్తే, కొత్త కోడ్ ఒక్క లైను రాయకముందే పాత ప్రోగ్రామ్‌లోని కంప్యూట్ లైన్లన్నీ (లెక్కలు చేసే లైన్లు), వాటి ఫీల్డ్ సైజులతో సహా ఒక షీట్‌లోకి ఎక్కించండి. ఎక్కడ రౌండెడ్ ఉందో, ఎక్కడ లేదో పక్కనే రాసుకోండి.