జేమ్స్‌టౌన్‌లో లూసీ, అమ్మ, సకినాల డబ్బా

నయాగరా చూసి పిట్స్‌బర్గ్ తిరిగొస్తూ దారిలో జేమ్స్‌టౌన్‌లో ఆగుదామంటే అమ్మ అడిగిన మొదటి మాట, "ఆడ గుడి ఉన్నదా?"

గుడి లేదు, ఒక టీవీ యాక్టరమ్మ మ్యూజియం ఉందన్నాను. అమ్మ ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగింది. నిజామాబాద్ జిల్లా నుంచి డెబ్బై ఏళ్ల వయసులో వచ్చింది. పిట్స్‌బర్గ్ వెంకన్నకు దండం పెట్టుకుంది, నీలం రేన్‌కోటు తొడుక్కుని పడవెక్కి జలపాతం కింద తడిసింది. ఇక ఎప్పుడో చచ్చిపోయిన తెల్ల యాక్టరమ్మతో తనకేం పని?

పని నాకుంది. 2009లో హెచ్-4 వీసా మీద, అంటే మొగుడి ఉద్యోగ వీసా వెంట పెళ్లానికి ఇచ్చేదాని మీద, ఈ దేశం వచ్చాను. ఎం.కామ్ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసినదాన్ని, ఇక్కడ పైసా సంపాదించడానికి వీల్లేదు. హెచ్-4 వాళ్లలో కొందరికైనా పర్మిట్ ఇవ్వడం మొదలైంది 2015లో. అప్పటిదాకా మా ఆయన ఆఫీసుకెళ్లాక ఇంట్లో నేనూ, టీవీ. పాతవన్నీ తిప్పి తిప్పి వేసే ఒక ఛానల్లో 'ఐ లవ్ లూసీ' తగిలింది. నలుపు తెలుపు బొమ్మ. మొగుడు క్యూబా నుంచి వచ్చిన బ్యాండ్ మాస్టరు, అతని ఇంగ్లిష్ యాస మీద జోకులు. పెళ్లానికి ఎలాగైనా స్టేజీ ఎక్కాలని, నాలుగు డబ్బులు సంపాదించాలని పిచ్చి. ఆయన వద్దంటాడు. ఈవిడ మారువేషమేసైనా దూరుతుంది, అంతా రసాభాస అవుతుంది. వచ్చే వారం మళ్లీ మొదలు. నా ఇంగ్లిష్‌లో సగం ఆ యాస మొగుడు నేర్పిందే. పెళ్లాం బాధ మాత్రం నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఆ పెళ్లాం లూసిల్ బాల్. 1911 ఆగస్టు 6న జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోనే కానీ, న్యూయార్క్ సిటీకీ దీనికీ పోలికే లేదు. బఫెలోకి దక్షిణంగా గంటన్నర దూరం, ముప్పై వేల జనాభా కూడా లేని ఊరు. ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ చేసే ఫ్యాక్టరీలతో కళకళలాడిందట, స్వీడన్ నుంచి వచ్చిన వడ్రంగులు బోలెడంత మంది. ఇప్పుడు ఎత్తుపల్లాల వీధులు, ఎర్ర ఇటుకల పాత భవనాలు, గోడల మీద లూసీ బొమ్మలు. 2018లో నేషనల్ కామెడీ సెంటర్ అని పెద్ద మ్యూజియం కూడా కట్టారు. దాన్ని ఇంకోసారికి వదిలేసి, లూసీ-దేసీ మ్యూజియంలో దూరాం. దేసీ అంటే మనవాళ్లు కాదు, మొగుడి పేరు. సీరియల్లో మొగుడుగా వేసిన దేసీ అర్నాజ్ నిజంగానూ ఆవిడ మొగుడే.

గోడల మీద ఉన్నది చదివి అమ్మకు చెబుతూ నడిచాను. తండ్రి టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. లూసీకి మూడేళ్లప్పుడు, 1915లో, టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి తల్లి మళ్లీ కడుపుతో ఉంది. అమ్మ అక్కడ ఆగింది.

"గిక్కడ సుత టైఫాయిడ్‌తోటి పోయెటోళ్లా?"

ఆ తర్వాత నుంచి అమ్మే నన్ను ముందుకు తోసింది, "తర్వాతేమైంది, చెప్పు బిడ్డా" అంటూ. అమ్మకు కథ పట్టిందంటే ఇక వదలదు.

తర్వాతేమైందంటే, పదిహేనేళ్ల వయసులో న్యూయార్క్‌లో యాక్టింగ్ బడికి పోతే, ఈ అమ్మాయి పనికిరాదని పంపించేశారు. అదే బడిలో ఆ రోజుల్లో, తర్వాత పెద్ద సినిమా స్టారైన బెట్టీ డేవిస్ మెరిసిపోతోంది మరి. మళ్లీ వెళ్లింది, బట్టల దుకాణానికి మోడల్‌గా చేసింది, జబ్బుపడి చాలాకాలం మంచాన పడింది, లేచి మళ్లీ వెళ్లింది. 1933లో హాలీవుడ్ చేరి, పాటలో వెనక నిలబడే అమ్మాయిల్లో ఒకతె అయింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు డజన్ల కొద్దీ సినిమాలు. తక్కువ బడ్జెట్ సినిమాల రాణి అని పేరు పడిందే తప్ప పెద్ద స్టార్ మాత్రం కాలేదు. 'ఐ లవ్ లూసీ' మొదలైన 1951 అక్టోబరు 15 నాటికి ఆవిడకు నలభై ఏళ్లు. మన ఇండస్ట్రీలో ఆ వయసు హీరోయిన్‌కి హీరో తల్లి వేషం చెబుతారు.

లోపల ఒక గదిలో మందు సీసా సీను సెట్టు వేసి పెట్టారు. 'వైటామీటావెజమిన్' అనే టానిక్ అడ్వర్టైజ్‌మెంట్ కోసం లూసీ రిహార్సల్ మీద రిహార్సల్ చేస్తూ చెంచా తర్వాత చెంచా మింగుతుంది. అందులో 23 శాతం ఆల్కహాల్ ఉందని ఆవిడకు తెలియదు. నాలుగోసారికి నాలుక మడత పడుతుంది. వచ్చినవాళ్లు కూడా నిలబడి ఆ డైలాగు చెప్పొచ్చు. నేను ప్రయత్నించాను, ఒక్క చెంచా తాగకుండానే నాలుక మడత పడింది. అమ్మకు కథ చెబితే, "మన ద్రాక్షాసవం అసొంటిదే గదా" అని తేల్చేసింది.

ఒక ఫొటో దగ్గర ఆ ఎర్రజుట్టు పుట్టుకతో వచ్చింది కాదనీ, అసలు రంగు గోధుమ రంగనీ, గోరింటాకు పెట్టి అలా చేసేవారనీ చెప్పాను. అమ్మ తన జుట్టు తడుముకుంది. ఆమెదీ గోరింటాకు ఎరుపే, రెండు నెలలకోసారి నేనే పెడతాను.

"మరి టీవీల నలుపే కనవడ్తది గదా. గంత తిప్పలు ఎందుకు పడ్డట్టు?"

నా దగ్గర జవాబు లేదు. వారం వారం కోట్ల మంది చూసిన ఆ ఎర్రజుట్టు ఎరుపని టీవీలో ఒక్కరికీ కనబడలేదన్న సంగతి అన్నేళ్లు చూసిన నాకే తట్టలేదు.

ఆ తర్వాత చాక్లెట్ సీను వచ్చింది.

1952 సెప్టెంబరు 15న వచ్చిన ఎపిసోడ్ అది. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనికి చేరతారు. కదిలే బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా పక్క గదిలోకి పోయిందో ఇద్దరి పనీ ఊడినట్టేనని సూపర్‌వైజరమ్మ హెచ్చరించి వెళ్తుంది. బెల్టు వేగం పెరుగుతుంది. చేతులు సరిపోక నోట్లో కుక్కుకుంటారు, టోపీల్లో, జాకెట్లలో దాస్తారు. సూపర్‌వైజరు వచ్చి చూస్తే బెల్టు మీద ఒక్కటీ మిగల్లేదు. చాలా బాగా చేస్తున్నారని మెచ్చుకుని, బెల్టు వేగం ఇంకా పెంచమని కేకేస్తుంది.

అమ్మకు ఇంగ్లిష్ ముక్క రాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. పక్కన నిలబడ్డ ఇద్దరు తెల్ల ముసలమ్మలు సీను వదిలేసి అమ్మను చూసి నవ్వడం మొదలుపెట్టారు. వేగం పెంచమన్న దగ్గర మాత్రం అమ్మ నవ్వు ఆపేసింది. "సూసినవా? మంచిగ చేస్తే ఇంకింత ఎక్కువ ఏస్తరు."

మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. రాత్రి తునికాకు నానబెట్టడం, పొద్దున రేకు ముక్క ఆనించి కత్తెరతో ఆకు కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా చుట్టడం. రోజుకు వెయ్యి. కార్ఖానాలో లెక్క చూసేవాడు వదులుగా ఉన్నవాటిని ఏరి పారేస్తే వాటికి కూలి ఉండదు, ఆకు మాత్రం ఖర్చయినట్టే. నా ఎం.కామ్ ఫీజు ఆ చాటలోంచే వచ్చింది.

అదే ఎపిసోడ్‌లో ఇంకో సీను ఉంది. లూసీ ఒక పెద్దావిడ పక్కన కూర్చుని కరిగిన చాక్లెట్‌లో ఉండలు ముంచుతుంటుంది. పెద్దావిడ ముఖంలో ఏ భావమూ ఉండదు, చేతులు మాత్రం ఆడుతుంటాయి. లూసీ ఆమెను చూసి నేర్చుకోబోయి, చాక్లెట్ అంతా పిసికి పాడుచేస్తుంది. ఇక్కడ అమ్మ నవ్వలేదు. తెర దగ్గరికి జరిగింది.

"గామె యాక్టర్ కాదు బిడ్డా. పనామె."

ఎలా తెలుసన్నాను.

"చెయ్యి సూడు. మణికట్టు లేవదు, ఏళ్లే తిరుగుతయి. కండ్లు పని మీద లేవు. పని చేసెటోళ్లు పని దిక్కు సూడరు."

అమ్మ చెప్పింది నిజమే. ఆ సీను కోసం నిజంగా చాక్లెట్లు ముంచే పని చేసే ఆవిడనే పిలిపించారు. పదిహేనేళ్లుగా నేను ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, నేను చూసింది లూసీ ముఖమే.

తెర మీద పని దొరకని ఆ పెళ్లాం, తెర వెనక ఏం చేసిందో అమ్మకు బయట బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి, వచ్చాక గాల్లో కలిసిపోయేవి. లూసీ, దేసీ హాలీవుడ్ వదిలి రామన్నారు. ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తీస్తామన్నారు. ఖర్చెక్కువని ఛానల్ పైవాళ్లు గొణిగితే, తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్ముల హక్కులు అడిగి తీసుకున్నారు. ఒకసారి వేసిన ఎపిసోడ్‌ని మళ్లీ ఎవరు చూస్తారని అప్పట్లో అందరి నమ్మకం. ఆ హక్కుల్ని తర్వాత లక్షల డాలర్లకు అమ్మి, ఆవిడ ఒకప్పుడు చిన్న వేషాలు వేసిన ఆర్కేవో స్టూడియోనే కొన్నారు. మధ్యాహ్నం పూట నేను చూసిన రీరన్‌లకు మూలం అక్కడుంది.

"తెలివైనోళ్లు," అంది అమ్మ. ఆ సీరియల్‌కి మొదట్లో డబ్బు పెట్టింది సిగరెట్ల కంపెనీ అని చెబితే పెద్దగా నవ్వింది.

సీరియల్ నడుస్తుండగా కడుపుతో ఉంటే ఆవిడ దాచలేదు, కథలోనే పెట్టించింది. గర్భం అనే మాట టీవీలో పలకడానికి వీల్లేదన్నారు, అదో చోద్యం. 1953 జనవరి 19న తెర మీద లూసీకి కొడుకు పుట్టాడు, అదే రోజు ఆస్పత్రిలో నిజం లూసీకీ ఆపరేషన్ చేసి కొడుకును తీశారు. ఆ రాత్రి 4 కోట్ల 40 లక్షల మంది చూశారట, మర్నాడు అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారం చూసినవాళ్లకంటే ఎక్కువ. 1960లో విడాకులు. 1962లో దేసీ వాటా కొనేసి ఆవిడే స్టూడియో నడిపింది. 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్షం సీరియల్ అక్కడ పుట్టిందే. 1967లో అమ్మేసింది. చివర్లో, 1986లో, మళ్లీ సీరియల్ చేస్తే జనం చూడలేదు, ఎనిమిది ఎపిసోడ్లకే ఆపేశారు. ఆ భాగం నేను అమ్మకు చెప్పలేదు.

1989లో లాస్ ఏంజిలిస్‌లో పోయింది. చాలా ఏళ్ల తర్వాత పిల్లలు అస్థికలు ఇక్కడికి తెచ్చి, లేక్‌వ్యూ శ్మశానంలో అమ్మానాన్నల పక్కన పెట్టారు. రాయి మీద 'ఐ లవ్ లూసీ' గుండె గుర్తు ఉంది. అమ్మ చెప్పులు విప్పి, శ్మశానానికి వెళ్లాం కాబట్టి ఇంటికి పోగానే తలస్నానం చెయ్యాలని గుర్తుచేసింది.

చివరి మజిలీ సెలొరాన్, చటాక్వా చెరువు ఒడ్డున పక్కనే ఉన్న చిన్న ఊరు. లూసీ పెరిగిన తాతగారిల్లు ఇక్కడిదే. 1927లో వాళ్ల పెరట్లో ఒకమ్మాయి చేతిలో తుపాకీ పేలి పక్కింటి పిల్లాడి వెన్నుకు తగిలింది. పిల్లాడి నడుము పడిపోయింది, కేసు పడింది, తాత ఇల్లు పోయింది. ఇప్పుడా వీధి పేరు లూసీ లేన్.

పార్కులో ఆవిడవి రెండు కంచు విగ్రహాలున్నాయి. 2009లో పెట్టింది సీసా, చెంచా పట్టుకుని పళ్లికిలించి ఉంటుంది. భయపెట్టే లూసీ అని లోకమంతా ఎగతాళి చేస్తే, 2016 ఆగస్టు 6న అందమైనది పెట్టి, పాతదాన్ని అదే పార్కులో పక్కకు జరిపారు. తీసెయ్యకుండా ఎందుకుంచారని నాకు నేనే గొణుక్కున్నాను.

"గంత మంచి బొమ్మకు దిష్టి తగలకుంట," అంది అమ్మ. ఫొటో మాత్రం దిష్టిబొమ్మ పక్కన దిగింది.

హైవే ఎక్కాక సకినాల డబ్బా తెరిచింది. నాకొకటి ఇచ్చి, చాలాసేపు చప్పుడు చెయ్యలేదు. నిద్రపోయిందేమోనని చూద్దును కదా, రెండు బుగ్గల్లో రెండేసి సకినాలు కుక్కుకుని, ఇంకో రెండు కొంగులో దాస్తూ, కళ్లు పెద్దవి చేసి నా వైపే చూస్తోంది. నవ్వాపుకునేలోపు మా ఎగ్జిట్ దాటిపోయింది.