గోదావరి ఒడ్డున రెండు స్టేషన్లు

కొవ్వూరు దాటుతూనే అమ్మ చేతిసంచి జిప్పు తీసింది. పొద్దున్నే బెజవాడలో రత్నాచల్ ఎక్కినప్పటి నుంచి కునికిపాట్లు పడుతున్న మనిషి, ఒక్కసారిగా కిటికీకి అతుక్కుపోయింది. చక్రాల చప్పుడు మారింది, కింద మట్టికట్ట పోయి నీళ్ళు కనిపించాయి. రూపాయి బిళ్ళ కళ్ళకద్దుకుని, చువ్వల సందులోంచి వదిలి, దణ్ణం పెట్టుకుంది. వెనక సీటు పిల్లాడు కూడా వాళ్ళ నాన్నని అడిగి మరీ ఓ బిళ్ళ వేశాడు.

అమ్మ పుట్టింది రాజమండ్రిలోనే. ఈసారి చుట్టాల కోసం కాదు, స్టేషన్లూ వంతెనలూ చూద్దామనే వచ్చాం. గోదావరి స్టేషన్లో మా బండి ఆగలేదు. మరి కాసేపటికే రాజమండ్రిలో దిగాం. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీది స్టేషను కదా, ఒక బండి కదిలిందో లేదో ఇంకొకటి వస్తోందని మైకులో చెబుతూనే ఉన్నారు. అమ్మ మోకాళ్ళు మెట్లకి సహకరించవు. అడిగితే చక్రాల కుర్చీ ఇచ్చారు. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు మొహమాటపడకుండా అడగండి, అది ఉన్నదే అందుకు. క్లోక్‌రూములో మాత్రం మా పెట్టె తీసుకోలేదు. తాళం వేసి ఉండాలి, ప్రయాణం టిక్కెట్టు చూపించాలి, అదీ నిబంధన. బయట కొట్లో చిన్న తాళంకప్ప కొనుక్కొచ్చి పెట్టె అప్పగించి, ఆటోలో గోదావరి స్టేషన్‌కి వెళ్ళాం.

నాకు ఈ చిన్న స్టేషనే ఎక్కువ నచ్చింది. పుష్కరాల రేవుకి దగ్గర కాబట్టి స్నానానికి వచ్చేవాళ్ళకి ఇదే అనువు. 2015 పుష్కరాలప్పుడు ఈ ఊరికొచ్చిన జనాన్ని తలుచుకుంటే, మళ్ళీ 2027కి ఈ రెండు స్టేషన్ల మీద ఎంత భారం పడుతుందోననిపించింది.

రేవు మెట్ల మీద కూర్చుంటే పాత వంతెన కనిపిస్తుంది. బెజవాడ నుంచి కటకం (ఒడిశాలోని కటక్) దాకా తూర్పుతీరపు రైలుమార్గం 1893–96 మధ్య వేశారు. గోదావరి దగ్గర మాత్రం నది అడ్డం. బండి దిగి, రేవు దాటి, అవతల మళ్ళీ బండెక్కాల్సిందే. 1897లో మొదలుపెట్టి 1900కల్లా వంతెన కట్టేశారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు, మొత్తం 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు. మీద ఒకటే లైను.

"ఆ ఒక్క లైనే కదరా! కొవ్వూరులో బండి ఆపేసేవారు. ఎదర్నుంచి వచ్చేది దాటితేగాని మాకు సిగ్నల్ పడేది కాదు. మా నాన్న దిగి, కూజాలో నీళ్ళు పట్టుకొచ్చేవాడు" అంది అమ్మ.

1974లో పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన వచ్చాక ఆ పడిగాపులు తీరాయి. 1997లో పాత వంతెనకి విశ్రాంతినిచ్చి, కాంక్రీటు విల్లుల వంతెన మీదికి బళ్ళు మళ్ళించారు. దానికి 28 ఖానాలే, ఒక్కొక్కటి 97 మీటర్ల పైచిలుకు. ఖానాల లెక్కలో పాతదాంట్లో సరిగ్గా సగం! ఫొటోల్లో అందరూ చూసేది ఈ విల్లుల్నే. నా చూపు మాత్రం పక్కనున్న రాతి స్తంభాల మీదే నిలిచింది. నూరేళ్ళపాటు వరదలు తట్టుకుని బళ్ళు మోసినవి అవి. వాటిని పడగొట్టకుండా కాపాడుకోవాలి. మనుషులు నడిచి దాటేలా చేస్తే ఇంకా మంచిది.

సాయంత్రం అమ్మ తిరుగుబండి దాకా ఆగలేకపోయింది. "ఒక్కసారి కొవ్వూరు వెళ్ళొద్దామా నాన్నా?" అని అడిగింది. గోదావరి స్టేషన్లో రెండు టిక్కెట్లు తీసుకుని పాసింజరెక్కాం. కూర్చునే చోటు లేదు. తలుపు దగ్గరున్న కుర్రాడు అమ్మని చూసి, "రండి మామ్మగారూ" అని కిటికీ పక్క సీటు ఇప్పించాడు. ఎండ తగ్గి నీళ్ళు రాగిరంగు తిరిగాయి, మధ్యలో ఇసుక మేట, దాని పక్కన ఒక నావ. అమ్మ సంచిలో వెతికింది. చిల్లర లేదు. నా వైపు చెయ్యి చాపింది.