టార్చికి నిఖార్సైన లిథియం సెల్లు సంపాదించడం: నా అనుభవం

రిఫండు మెసేజ్ నిన్న రాత్రి వచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ దానికోసం నన్ను తిప్పిన తిప్పలు, కాశీబుగ్గలో నలుగురి ముందు పడ్డ మాట ఇంకా మనసులో మండుతున్నాయి. ఆ మంట ఆరకముందే రాసేస్తే, టార్చికి సెల్లు కొనబోయే ఇంకొకరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మందస వైపు జీడి, కొబ్బరి తోటలు. ఇక్కడ టార్చి సరదా వస్తువు కాదు. జీడిపళ్లు, పనసపళ్లు పండే కాలంలో ఎలుగులు తోటల్లోకి, ఒక్కోసారి వీధుల్లోకీ దిగుతాయి. మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. రాత్రి మోటారు వెయ్యడానికి వెళ్లేవాడికి ముందు ఏముందో దూరం నుంచే కనపడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అప్పటినుంచి ఇంట్లో ఒక గట్టి టార్చి, దానికి నమ్మకమైన సెల్లు ఉండాలని నా పట్టుదల.

టార్చి కొనడం తేలిగ్గానే అయిపోయింది. ఒక్క 18650 సెల్లు పట్టేది, వానలో తడిసినా ఆగనిది తీసుకున్నాను. సెల్లు విడిగా కొనుక్కోవాలి. ఆ అంకె చూసి కంగారు పడక్కర్లేదు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు, చివరి సున్నా గుండ్రటి సెల్లు అని చెప్పడానికి. 21700 అంటే 21 మందం, 70 పొడుగు.

సెల్లు ఎంచుకునేటప్పుడు అందరూ ఎంఏహెచ్ ఒక్కటే చూస్తారు. అది ఎంతసేపు వెలుగుతుందో చెబుతుంది. సెల్లు వేడెక్కకుండా ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది ఆంపియర్లు. పెద్ద వెలుగిచ్చే టార్చి ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, దానికి తగని సెల్లు పెడితే వేడెక్కుతుంది, తొందరగా పాడవుతుంది. ఈ రెండూ సాధారణంగా ఒకదానికొకటి ఎదురు. పానాసోనిక్ ఎన్‌సీఆర్18650బీ 3,400 ఎంఏహెచ్, కానీ ఇవ్వగలిగేది 5 ఆంపియర్ల లోపే. శాంసంగ్ 30క్యూ 3,000 ఎంఏహెచ్, కానీ 15 ఆంపియర్లు ఇస్తుంది. ఎల్‌జీ ఎంజే1లో రెండూ కుదిరాయి, 3,500 ఎంఏహెచ్, 10 ఆంపియర్లు. నా టార్చి 4 ఆంపియర్లకు మించి లాగదు కాబట్టి 3,500 ఎంఏహెచ్, 10 ఆంపియర్ల రకం చాలనుకున్నాను. ఇంకో మాట. పేరున్న కంపెనీల 18650లు 3,500 చుట్టూ ఆగిపోతున్నాయి. 9,900 అని రాసి ఉన్న సెల్లు మీకు ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అది పచ్చి అబద్ధం.

ప్రొటెక్షన్ ఉన్న సెల్లు కావాలా, లేనిదా అన్నది కూడా చూసుకోవాలి. ప్రొటెక్షన్ అంటే సెల్లు అడుగున ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఛార్జింగు మితిమీరినా, మరీ అడుక్కి దిగిపోయినా, షార్ట్ అయినా అది కరెంటు ఆపేస్తుంది. దానివల్ల సెల్లు నాలుగైదు మిల్లీమీటర్లు పొడుగవుతుంది, కొన్ని టార్చిల్లో పట్టదు. మా ఇంట్లో టార్చి పిల్లలూ ముట్టుకుంటారు, మా నాన్నా వాడతారు కాబట్టి నాకు ప్రొటెక్షన్ ఉన్నదే కావాలి. టార్చి నీళ్లు చొరబడకుండా బిగించిన లోహపు గొట్టం. లోపల సెల్లు పాడై గ్యాసు వదిలితే పోవడానికి దారుండదు, గొట్టమే పేలుతుంది. ఎలుగు నుంచి కాపాడాల్సిన వస్తువు చేతిలోనే పేలకూడదు కదా.

ఇవన్నీ చూసుకునే ఒక పేరున్న కంపెనీ సెల్లు రెండు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. అమ్మేవాడు ఒరిజినల్ అని రాసుకున్నాడు, రేటు కూడా ఒరిజినల్ రేటే.

పెట్టె విప్పి చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. బంగారం కొట్టున్న మా మేనబావ తూకం మీద పెడితే ఒక్కొక్కటి 31 గ్రాములు. అసలైన 18650 సాధారణంగా 45 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది. లాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడి దగ్గర సెల్లు కెపాసిటీ కొలిచే ఛార్జర్ ఉంది. దాంట్లో నిండా ఛార్జి చేసి, మొత్తం దించి చూశాడు. 1,100 ఎంఏహెచ్ దాటలేదు.

“బాబూ, ఇది ఆ కంపెనీ సెల్లే కాదు. ఏదో నాసిరకం దానికి తొడుగు మార్చేసినారు,” అన్నాడు.

ఈ కుర్రాడే ఇంకో సంగతి చెప్పాడు. పాత లాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్లుకి కొత్త తొడుగు వేస్తే తూకం సరిగ్గానే ఉంటుంది, కెపాసిటీలోనే దొరుకుతుంది. కాబట్టి తూకం ఒక్కటీ చూసి నమ్మకూడదు, రెండు పరీక్షలూ చెయ్యాలి. తూకం వేస్తున్నప్పుడు, ఛార్జర్ అంకె చూపిస్తున్నప్పుడు ఫోనులో వీడియో తీశాను. చివరికి నన్ను గట్టెక్కించింది అవే.

ఇక్కడినుంచి మొదలైంది అసలు కథ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, “సెల్లు వెలుగుతోంది కదా సార్, మరి ఇబ్బందేంటి?” అని అడిగింది ఆ అమ్మాయి. నకిలీది కూడా వెలుగుతుంది తల్లీ, వెలగకపోతే అమ్ముడెలా పోతుంది అన్నాను. ఫొటోలు అడిగారు, పంపాను. నకిలీ అని ఆ కంపెనీ వాళ్లే కాగితం ఇవ్వాలన్నారు. ఈ సెల్లు తయారుచేసే పెద్ద కంపెనీలు వీటిని ప్యాకుల్లో బిగించడానికే అమ్ముతాయి, మనలాంటి వాళ్లకి విడిగా అమ్మవు. వాళ్లు నాకెందుకు కాగితం ఇస్తారు? అది చెబితే, సరే వాపసు పంపండి, మీ పిన్‌కోడ్‌కి మా మనిషి రాడు, మీరే కొరియర్ చెయ్యండి, గడువులోగా చేరాలి అన్నారు.

కాశీబుగ్గలో ఒక కొరియర్ ఆఫీసుకి వెళ్లాను. లైన్లో ఉన్నాను. నా వెనక మా పెద్దమ్మాయికి లెక్కలు చెప్పే మాస్టారు కూడా ఉన్నారు. కౌంటర్లో ఉన్నాయన లోపలేముందని అడిగాడు. లిథియం బ్యాటరీలు అని నిజం చెప్పాను. పార్సిల్ నా వైపు తోసేశాడు.

“ఏటి, బాంబులు పంపిస్తావా? మా లారీ తగలబడితే నువ్వు కడతావా?” అని గట్టిగా అరిచాడు.

లైన్లో వాళ్లు వెనక్కి జరిగారు. ఒకాయన తన పిల్లాణ్ని చెయ్యి పట్టుకుని లాక్కున్నాడు. మాస్టారు నావైపు చూసి తల దించుకున్నారు. పదిమందికి జీడిపిక్కలు అప్పిచ్చి కాగితం రాయించుకోని మనిషిని నేను. ఆ రోజు ఆ కౌంటర్ ముందు దొంగలా నిలబడ్డాను.

పంపకూడదన్న మాటలో ఆయన తప్పు లేదు, అది నాకు తెలుసు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రపంచమంతా నిషేధం. సరుకు విమానంలో పంపాలన్నా 30 శాతానికి మించి ఛార్జి ఉండకూడదు, ప్యాకింగుకీ లేబుళ్లకీ వేరే నియమాలున్నాయి. ఆ మాటే మామూలుగా చెప్పొచ్చు. నిజం చెప్పినవాణ్ని అరిచి అవమానిస్తే, తర్వాత వచ్చేవాడు నిజం చెబుతాడా? నేను బయటికి వస్తుంటే అక్కడ పనిచేసే ఇంకో కుర్రాడు వెనకాలే వచ్చి, “అన్నయ్యా, టార్చి సామాను అని రాసెయ్, వెళ్లిపోద్ది,” అని సలహా ఇచ్చాడు. రాయనన్నాను. ఆ లారీలో వెళ్లేవాడు కూడా ఒక ఇంటి మనిషే.

మళ్లీ లోపలికి వెళ్లి, “తీసుకోము” అని కాగితం మీద రాసివ్వండి అన్నాను. ఇవ్వలేదు. పని చూసుకోమన్నాడు. గోడమీద పంపకూడని వస్తువుల పట్టిక అంటించి ఉంది, అందులో బ్యాటరీలూ ఉన్నాయి. దానికి ఫొటో తీసుకున్నాను. ఫొటో తీస్తున్నందుకు కూడా అరిచాడు. తీసుకునే వచ్చాను.

కస్టమర్ కేర్‌కి ఆ ఫొటో పంపితే, గడువు అయిపోయింది, ఇక ఏమీ చెయ్యలేం అని జవాబు వచ్చింది. మనిషి రాడు, కొరియర్ తీసుకోదు, గడువు మాత్రం ఆగదు. నకిలీ సరుకు అమ్మినవాడు హాయిగా ఇంట్లో కూర్చుంటే, కొన్నవాడు సాక్ష్యాలు మోసుకుంటూ ఊళ్లు తిరగాలి. మనలో చాలామంది రెండు మూడు వందల గురించి ఎందుకులే అని వదిలేస్తారు. ఆ వదిలెయ్యడం మీదే వీళ్ల వ్యాపారం నడుస్తోంది. దయచేసి వదలకండి.

నేను 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆర్డరు నంబరు, తూకం వీడియో, ఛార్జర్ వీడియో, గోడమీది పట్టిక ఫొటో అన్నీ పెట్టాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అన్న ముక్క కూడా రాశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతానని, 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా లేదని రాశాను. ఆ తర్వాత వాళ్ల గొంతు మారిపోయింది. సార్ అంటూ వాళ్లే ఫోన్ చేశారు. సరుకు వెనక్కి పంపక్కర్లేదు, డబ్బు వేసేస్తాం అన్నారు. వేశారు.

ఈలోగా కొత్త సెల్లు విశాఖలో తీసుకున్నాను. ఈసారి టార్చి కంపెనీ తన పేరుతో అమ్మే ప్రొటెక్షన్ ఉన్న సెల్లు. నాలుగు డబ్బులు ఎక్కువే, కానీ టార్చిలో పడుతుందో లేదో అన్న టెన్షన్ ఉండదు. డబ్బు ఇచ్చేముందు కొట్టులోనే తూకం వేయించాను. మన దేశంలో అమ్మే లిథియం సెల్లు మీద ఐఎస్ 16046 అన్న గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. కొట్టాయన నన్ను వింతగా చూశాడు, చూడనీ. ఇంటికొచ్చాక కొలిస్తే 3,300 దాటింది. ఇప్పుడు మా ఊళ్లో ఎవరు సెల్లు తెచ్చుకున్నా ముందు నాకు చూపించే టార్చిలో పెడుతున్నారు.

ఛార్జింగు గురించి ఎక్కువ చెప్పను. నిండితే 4.2 వోల్టుల దగ్గర ఆగాలి, ఆగుతుందో లేదో మల్టీమీటరుతో ఒకసారి చూడండి. ఆగని ఛార్జర్ ఇంట్లో ఉంచకండి. 2.5 వోల్టుల కిందికి దిగిపోయి చాన్నాళ్లు పడున్న సెల్లుని మళ్లీ ఛార్జి చెయ్యకండి. పడుకునేటప్పుడు పెట్టి వదిలెయ్యొద్దు, మన ఎండల్లో డాబా మీద, కారులో ఉంచొద్దు. తొడుగు చిరిగితే వాడకండి. సెల్లు ఒళ్లంతా మైనస్సే, పైన ప్లస్సుకీ దానికీ మధ్య ఆ పలచటి తొడుగే అడ్డం. తాళాలు, చిల్లర ఉన్న జేబులో సెల్లు అస్సలు వేసుకోవద్దు, చిన్న ప్లాస్టిక్ డబ్బీలు దొరుకుతాయి. టార్చిలో రెండు సెల్లు పడితే రెండూ ఒకే కంపెనీ, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. పాతదీ కొత్తదీ కలపకండి.

నకిలీ సెల్లు రెండూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కొబ్బరి డొక్కలతో పాటు చెత్తలో తగలబెట్టేద్దామన్నాడు మా తమ్ముడు, ఒప్పుకోలేదు. రెండు కొసలకీ టేపు చుట్టి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి పశువుల శాలకి దూరంగా ఉంచాను. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చి, రసీదు తీసుకుని వస్తాను.