ఎనభై దగ్గర పీకేసే మనిషి

పదకొండున్నర దాటింది. పొద్దున ఆఫీసుంది, పడుకోవాలి. కానీ ఆటో అతని ముఖం గుర్తొస్తే మళ్లీ సిగ్గేస్తోంది, మా అబ్బాయి ముఖం గుర్తొస్తే మళ్లీ ఒళ్లు మండుతోంది. రాసేసి పడుకుంటా.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేసరికి ఫోను చార్జింగ్ 80 శాతంలో ఉంది. రాత్రంతా చార్జింగ్ పెట్టిన ఫోను 80లో ఎందుకుందంటే, మావాడు సెట్టింగ్స్‌లో అక్కడితో ఆగేలా పెట్టాడు కాబట్టి. అంతకుముందు తనే వచ్చి పీకేసేవాడు. ఈ పోలీసు ఉద్యోగం ఎవరిచ్చారో తెలీదు. ఆఫీసులో రెండు వీడియో మీటింగులు, మధ్యాహ్నం అత్తయ్యగారి మందుల గోల, అంతే. సాయంత్రం బ్లౌజులు తెచ్చుకుందామని సత్యనారాయణపురంలో ఆటో దిగి స్కాన్ చేయబోతే స్క్రీను నల్లగా ఉంది. పర్సులో చిరిగిన ఇరవై నోటు, రెండు రూపాయి బిళ్లలు, గుడి కుంకం పొట్లం. ఆటోకి ఎంతనుకున్నారు? ఎనభై! ఆ అంకె ఇవాళ నన్ను వదిలితేగా.

అతను ఒక్క మాట కూడా అనలేదు పాపం. "ఆ కొట్లో అడగండమ్మా, పెడతారు" అన్నాడు. షాంపూ ప్యాకెట్ల దండల మధ్య నుంచి ఒక చార్జింగ్ వైరు వేలాడుతోంది. నాలాంటివాళ్ల కోసమే కాబోలు. ఐదు నిమిషాలకి ఫోను లేచింది. కొట్టావిడ డబ్బులొద్దంది. మొహమాటానికి అరడజను గుడ్లు కొన్నా.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మావాడు ఏమన్నాడో తెలుసా? "పవర్ బ్యాంక్ పెట్టుకోవచ్చుగా అమ్మా." అయ్యో అనలేదు, సారీ అనలేదు. పైగా పాఠం. వంద దాకా ఎక్కిస్తే బ్యాటరీ వోల్టేజీ బాగా పైన ఉంటుందట, గంటల తరబడి అక్కడే ఉంచితే లోపల త్వరగా ముసలిదైపోతుందట. సగం వాడి చార్జింగ్ పెట్టి, మళ్లీ సగం వాడితే రెండూ కలిపి ఒక్క సైకిలేనట, అంటే ఒక నిండు చార్జి వాడినట్టేనట, కాబట్టి ఊరికే గుచ్చి తీసినా తప్పులేదట. ఈ బ్యాటరీల మీద పనిచేసినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చిందట. అందులో ఒకాయనకి అప్పటికి 97 ఏళ్లు, పేరు గుడ్‌ఎనఫ్. ఇంటిపేరే "ఇక చాలు" అన్నమాట. ఆయన కూడా మావాడి పార్టీయేనేమో! మా ఆయన మాత్రం పేపర్లోంచి తల ఎత్తితే ఒట్టు.

బ్యాటరీని కాపాడి ఏం చేసుకోవాలి, నిమజ్జనం చేయాలా? ఇదే మాట పైకి అన్నా కూడా. అని వంటింట్లోకి వచ్చేశాక నాన్న గుర్తొచ్చారు.

2004. తెనాలి బోస్ రోడ్డులో కొన్న నోకియా 1100. కొట్టువాడు చెప్పాడు, "మాస్టారూ, మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టండి, మధ్యలో తీయొద్దు, ఆన్ చేయొద్దు." నాన్నకి అది వేదం. రాత్రి తొమ్మిదింటికి పెట్టి, ఎవరూ తాకకుండా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పదకొండు నలభైకి కరెంటు పోయింది. టార్చి వెలుగులో గోడ క్యాలెండరు మీద రాసుకున్నారు: 11.40. వచ్చాక మళ్లీ రాసుకున్నారు: 12.25. అంటే నలభై ఐదు నిమిషాలు కలపాలి. "ఏమండీ, అది ఫోనా, పురుడా?" అంది అమ్మ పక్కమీద నుంచి. తెల్లారుజామున ఐదూ ముప్పావుకి ఆన్ చేస్తే తెర మీద రెండు చేతులు వచ్చి కలుసుకున్నాయి. మొట్టమొదటి కాల్ పక్క గదిలో ఉన్న మా ల్యాండ్‌లైనుకే. అమ్మ ఎత్తి "హలో, ఎవరండీ?" అంది.

ఆ తర్వాత కూడా పూర్తిగా దిగి, కూతపెట్టి, ఆగిపోతేగానీ చార్జింగ్ పెట్టేవారు కాదు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలకి ఆ పథ్యం కొంత నప్పేదట. నోకియాలో ఉన్నది లిథియం అయాన్, దానికి ఆ పథ్యమే చేటని మావాడంటాడు. మరి ఏడేళ్లు ఎలా వచ్చిందిరా అంటే, తాతయ్య ఐదు రోజులకోసారి పెట్టేవాడు, ఏడేళ్లలో ఎన్ని సైకిళ్లయ్యాయో లెక్కేసుకో అన్నాడు. లెక్క వేశా. ఐదొందల పైచిలుకు. నా ఫోనుకి అది ఏణ్ణర్ధం పని.

సరే, కోపంతోనే ఆ 80 ఆప్షన్ తీసేద్దామని ఫోను కోసం చూస్తే ఎక్కడుంది? స్టవ్వు పక్క గట్టు మీద. లావుపాటి రబ్బరు కవరు, చార్జింగ్ వైరు, పైన వంటల వీడియో ఆడుతోంది, ఇవతల పులుసు ఉడుకుతోంది. పట్టుకుంటే పెనం. బెజవాడ ఎండాకాలంలో రోజూ ఇదే. రాత్రిళ్లు దిండు కింద. వాడు నెలల తరబడి "వేడి, వేడి, బ్యాటరీకి చేటు" అంటూనే ఉన్నాడు, నాకు వినపడింది ఎనభై ఒక్కటే. రెండున్నరేళ్లకే బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటి సత్తాలో మిగిలింది, 83 శాతానికి దిగిందంటే ఆ పాపంలో నా వాటా ఉన్నట్టే. వాడికి చెప్పను లెండి. బయటికెళ్లే రోజు మాత్రం వందే, అందులో రాజీ లేదు.

ఇదంతా తలలో తిరుగుతుండగానే తొమ్మిదింటికి నాన్నకి ఫోన్ చేశా. ఒక్క రింగుకే ఎత్తారు. మాట ఎక్కడో నేల దగ్గర్నుంచి వస్తున్నట్టుంది. ఏమైంది నాన్నా అంటే, "ఏం లేదమ్మాయ్, చార్జింగులో ఉంది." ఇప్పుడు పెట్టారా అంటే, పొద్దున్నుంచీ ఉందట. పొద్దున్నుంచేం, ఎప్పుడూ ఉంటుందట. నేను చేసినప్పుడు ఆగిపోయి ఉంటే ఎలా అని తీయరట. వైరు జానెడు, ప్లగ్గు టీవీ స్టాండు వెనకాల, అందుకని వంగి మాట్లాడుతున్నారు. క్యాలెండరు మీద నిమిషాలు రాసుకున్న మనిషి.

వందలోనే ఉంచకూడదు నాన్నా అని నోటిదాకా వచ్చింది. "నడుం నొప్పెడుతుంది, కూర్చుని మాట్లాడండి" అన్నా.

రేపు మూడు మీటర్ల వైరు కొనాలి.