రాయగడ నుంచి సీ++ సిస్టమ్స్ టెస్ట్: థ్రెడ్ల సెక్షన్ నాకు ఎక్కడ పట్టుబడిందంటే

మజ్జిగౌరమ్మ తల్లి దయవల్ల సీ++ ప్రోగ్రామింగ్ భాష మీద పెట్టిన సిస్టమ్స్ టెస్ట్ సెలెక్షన్ లిస్టులో నా పేరొచ్చింది. పర్లాకిమిడి అత్తయ్య నుంచి పార్వతీపురం మావయ్య దాకా అందరికీ ఫోన్లు చేసి ఇప్పుడే కూర్చున్నాను. రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు ప్రిపేరవుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ప్యాటర్న్, సిలబస్ మీకు తెలిసినవే.

కంపైల్ టైమ్ భాగం, అంటే ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ చేసే పని, సాధన చేస్తే వచ్చేస్తుంది. సీ++11లో కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ (కంపైల్ టైమ్‌లోనే లెక్కకట్టగలిగే) ఫంక్షన్‌కి ఒక్క రిటర్న్ వాక్యమే ఉండాలి కాబట్టి అన్నీ రికర్షన్‌తో రాసేవారు. సీ++14లో లూపులొచ్చాయి, 17లో షరతుని కంపైల్ టైమ్‌లోనే తేల్చే ఇఫ్ కాన్‌స్ట్‌ఎక్స్‌పర్, 20లో టెంప్లేట్‌కి ఏ టైపులు చెల్లుతాయో చెప్పే కాన్సెప్టులు, తప్పకుండా కంపైల్ టైమ్‌లోనే నడవాలనే కాన్‌స్ట్‌ఇవాల్. ఈ వరుసలో చదివితే స్ఫినే లెక్కలు (టైపు నప్పని టెంప్లేట్‌ని తప్పు చూపకుండా పక్కన పెట్టించే ఉపాయాలు) ఎందుకు పుట్టాయో, ఇప్పుడు ఎక్కడ అక్కర్లేదో అర్థమవుతుంది. డేటా పాడైందో లేదో చూసే సీఆర్‌సీ-32 లెక్కకి 256 గడుల టేబుల్ కంపైల్ టైమ్‌లోనే కట్టండి. 123456789 అనే అక్షరాల వరుసకి దొరకాల్సిన చెక్ విలువ అందరికీ తెలిసిందే, దాన్ని స్టాటిక్ అసర్ట్‌లో (తప్పైతే కంపైల్ ఆపేసే పరీక్షలో) పెట్టండి. గడుల నంబర్లు 0 నుంచి 255 దాకానే కాబట్టి, ఇండెక్స్ 256 దాకా పోనిస్తే రన్ టైమ్‌లో చప్పుడు లేకుండా పాడయ్యే కోడే ఇక్కడ కంపైల్ కాకుండా ఆగిపోతుంది. కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ లెక్క లోపల అన్‌డిఫైన్డ్ బిహేవియర్‌ని, అంటే ఫలితం ఏమవుతుందో భాష చెప్పని తప్పుని, కంపైలర్ ఒప్పుకోదు.

ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులైన థ్రెడ్లకి ఆ కాపలా లేదు. నా ప్రిపరేషన్ మొత్తం మలుపు తిరిగింది ఇక్కడే.

లెక్క చిన్నదే. ఒక థ్రెడ్ డేటాలో 42 రాసి, రెడీ అనే ఫ్లాగ్‌ని ట్రూ చేస్తుంది. రెండోది ఫ్లాగ్ ట్రూ అయ్యేదాకా తిరిగి, అప్పుడు డేటా చదువుతుంది. ఫ్లాగ్ అటామిక్ (థ్రెడ్లు ఒకేసారి తాకినా చెడనిది), ఆర్డర్ మాత్రం రిలాక్స్‌డ్, అంటే చుట్టుపక్కల రాతల వరుసకి హామీ ఇవ్వనిది. డేటా మామూలు ఇంట్ (పూర్ణాంకం). లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు తిప్పినా 42 వచ్చేది. ఇది తప్పు కోడని పుస్తకం చెబుతోంది, కళ్ళెదురుగా మాత్రం సరిగ్గానే నడుస్తోంది. ఒక రాత్రి ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసి, క్లాంగ్ కంపైలర్ పెట్టి, డేటానీ ఫ్లాగ్‌నీ 64 బైట్ల ఎడంలో ఉంచి అదే ప్రోగ్రామ్‌ని లక్షల సార్లు తిప్పాను. మధ్యలో ఎక్కడో ఒక సున్నా పడింది! మంచం మీంచి లేచి నిలబడిపోయాను.

లాప్‌టాప్‌లోని ఎక్స్86 ప్రాసెసర్ మెమరీలోకి రాసే ఒక రాతని ఇంకో రాత కంటే ముందుకి జరపదు, మెమరీ నుంచి చదివే ఒక రీడ్‌ని ఇంకో రీడ్ కంటే ముందుకి జరపదు. ఫోన్లోని ఆర్మ్ ప్రాసెసర్‌కి ఆ కట్టుబాటు లేదు. రాసేవైపు రిలీజ్ (దీనికి ముందు రాతలు దీని తర్వాతకి జరగకూడదు), చదివేవైపు అక్వైర్ (దీని తర్వాత రీడ్‌లు దీనికి ముందుకి జరగకూడదు) పెట్టాక సున్నా మళ్ళీ కనబడలేదు. కనబడకపోవడం రుజువు కాదని అప్పటికే తెలిసింది కాబట్టి కాగితం తీసి రాశాను: డేటా రాత, తర్వాత రిలీజ్ స్టోర్, దాని విలువని చూసిన అక్వైర్ లోడ్, తర్వాత డేటా రీడ్. ఈ గొలుసు తెగకపోతేనే కోడ్ సరైంది. ఇలాంటి తప్పుల్ని వెతికే థ్రెడ్ శానిటైజర్ ఆన్ చేస్తే పాత కోడ్‌లోని రేస్‌ని (రెండు థ్రెడ్లు వరుస లేకుండా ఒకే డేటాని తాకడాన్ని) లాప్‌టాప్‌లోనే పట్టిచ్చింది, 42 సరిగ్గా వస్తున్నా సరే. టెస్టులో శానిటైజర్ ఇవ్వరు, కాగితం మాత్రం ఇస్తారు.

హైదరాబాద్ వెళ్ళి కోచింగ్ తీసుకోలేదేమని ఇప్పటికీ అడుగుతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు మధ్య పెరిగిన నాకు నెమ్మదిగా, నా అంతట నేను చదువుకోవడమే కుదిరింది. వెబ్ నేర్చుకుంటే ఈపాటికి ఉద్యోగం వచ్చేదన్నారు. రావచ్చు. కానీ నాకు మెషిన్ లోపల ఏం జరుగుతోందో తెలియాలి, అందుకే వేరే దారి చూడలేదు. మీరూ రోజుకొక్క లెక్కయినా కంపైలర్ ముట్టకుండా చేతితో తేల్చండి. రీల్స్ చూస్తూ మెమరీ మోడల్ (ఒక థ్రెడ్ రాసింది ఇంకోదానికి ఎప్పుడు కనబడుతుందో చెప్పే నియమాలు) చదవడం కుదరదు, ఎవరేం చెప్పినా సరే. విశాఖ సెంటర్‌కి వెళ్ళే బండిలో, బొబ్బిలి దాటాక కూడా నేను ఆ గొలుసులే గీసుకున్నాను.

మ్యూటెక్సులు (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళాలు), కండిషన్ వేరియబుళ్ళు (ఇంకో థ్రెడ్ లేపేదాకా నిద్రపుచ్చేవి) మామూలే. వెయిట్‌కి ఎప్పుడూ ప్రెడికేట్ (లేచాక సరిచూసుకునే షరతు) ఇవ్వండి, ఎవరూ లేపకుండానే మేలుకునే వీలుంది. రెండు లాకులు కావాలంటే రెంటినీ చిక్కుపడకుండా కలిపి వేసే స్కోప్డ్ లాక్. ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న: జాయిన్ (ముగిసేదాకా ఆగడం) గానీ డిటాచ్ (దాని దారిన వదిలెయ్యడం) గానీ చెయ్యని థ్రెడ్ ఆబ్జెక్ట్ స్కోప్ (అది బతికే కోడ్ హద్దు) దాటితే ఏమవుతుంది? టెర్మినేట్ పిలవబడి ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోతుంది. సీ++20లో వచ్చిన జేథ్రెడ్ అనే థ్రెడ్ రకం అయితే ముందు ఆ థ్రెడ్‌ని ఆగమని అడిగి, తర్వాత తనే జాయిన్ అవుతుంది.