యుక్తవయసులో పెరిగే షుగర్‌కు పిల్లల్ని నిందించకండి

ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక బయటినుంచి వేసుకోవలసిన టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు 11, 12 ఏళ్లు వచ్చేసరికి, అంతవరకు సరిపోతూ వచ్చిన ఇన్సులిన్ చాలకుండా పోతుంది. తిండి మారకపోయినా, ఇంజెక్షన్ వేళ తప్పకపోయినా, పొద్దున్నే పరీక్ష చేస్తే మీటరులో అంకె 250 దాటుతుంది. మా అమ్మాయికి అలా మొదలైనప్పుడు గుంటూరులో మా ఇంటికి వచ్చిన బంధువులందరూ దాన్ని అడిగిన మాట ఒక్కటే: "ఏం తిన్నావే, నిజం చెప్పు." ఆ ప్రశ్న ఎంత అన్యాయమైనదో, ఆ వయసులో ఒంట్లో జరిగేది తెలిస్తేనే అర్థమవుతుంది.

ముందుగా ఒక అపోహ గురించి చెప్పాలి. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు, అంటే పాఠ్యపుస్తకాల్లోని అధివృక్క గ్రంథులు, సాధారణంగా 6 నుంచి 8 ఏళ్ల మధ్య డీహెచ్‌ఈఏ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేయడం ప్రారంభిస్తాయి. చెమట వాసన మారడం, ముఖం జిడ్డుగా ఉండడం, మొటిమలు, కొంతకాలానికి చంకల్లో వెంట్రుకలు రావడం దాని ప్రభావమే. వీటిని చూసి పిల్ల పెద్దమనిషి కాబోతోందని ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడతారు గాని, అసలు యవ్వనారంభం వేరు. అది మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథి పంపే సంకేతాలతో అండాశయాలు లేదా వృషణాలు పని ప్రారంభించినప్పుడు, ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఇన్సులిన్ అవసరం గట్టిగా పెరిగేది ఈ రెండో ఘట్టంలోనే.

అందుకు ప్రధాన కారణం గ్రోత్ హార్మోన్. ఎత్తు ఎదగడానికి అవసరమైన ఈ హార్మోన్ ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. మధుమేహం లేని పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. అయితే వాళ్ల క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది కనుక బయటికి తెలియదు. మధుమేహం ఉన్నవారిలోనూ లేనివారిలోనూ యుక్తవయసులో ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుందని 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన పరిశోధన కొలిచి చూపింది. టైప్ 1 ఉన్న మన పిల్లలకు మరో చిక్కు ఉంది. గ్రోత్ హార్మోన్‌ను అదుపులో ఉంచే ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని కాలేయం తయారుచేయాలంటే దానికి తగినంత ఇన్సులిన్ అందాలి. చర్మం కింద వేసిన ఇన్సులిన్, క్లోమం నుంచి నేరుగా వచ్చినంతగా కాలేయానికి చేరదు. ఐజీఎఫ్-1 తగ్గడంతో గ్రోత్ హార్మోన్ ఇంకా పెరిగి, వేసిన ఇన్సులిన్ ఇంకా తక్కువ పనిచేస్తుంది. రాత్రి నిద్రలో గ్రోత్ హార్మోన్, తెల్లవారుజామున ఎడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదల కావడం వల్లనే ఉదయపు అంకె అంతగా బాధిస్తుంది.

యవ్వనారంభానికి ముందు కిలో బరువుకు రోజుకు 0.7 నుంచి 1 యూనిట్ వరకు సరిపోయే ఇన్సులిన్, ఈ దశలో 1.2 దాటి, కొందరిలో 2 యూనిట్ల వరకు వెళ్తుంది. అంటే 40 కిలోల పిల్లకు 32 యూనిట్ల చోట 56 అవసరం కావడంలో వింతేమీ లేదు. డోసు పెరిగితే జబ్బు ముదిరినట్టు భావించి వెనకాడే తల్లిదండ్రులను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఇన్సులిన్ ఏళ్ల తరబడి చాలకపోతే పిల్లలు ఎదగక, యవ్వనం ఆలస్యమై, కాలేయం ఉబ్బిపోయే స్థితిని ఫ్రాన్సు వైద్యుడు పియర్ మోరియాక్ 1930లోనే వర్ణించాడు. కాబట్టి ఈ వయసులో డాక్టరుగారితో తరచుగా మాట్లాడి డోసు మార్చుకుంటూ ఉండాలి. పెద్దమనిషి అయిన పిల్లకు పెట్టే చిమ్మిలిని కూడా పూర్తిగా మాన్పించనక్కరలేదు. అందులోని బెల్లానికి లెక్కకట్టి, తగిన ఇన్సులిన్ వేయడం న్యాయమని నా అభిప్రాయం.

విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లల సంగతి మరింత ఆలోచించవలసినది. పరీక్షల ఒత్తిడిలో కార్టిసాల్, ఎడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి షుగర్‌ను ఎగదోస్తాయి. అదే ఎడ్రినలిన్ షుగర్ పడిపోయినప్పుడు వణుకు, చెమట, గుండెదడ రూపంలో హెచ్చరిస్తుంది. తరచూ ఇలా షుగర్ పడిపోతుంటే, అంటే ‘లో’ అవుతుంటే, ఆ హెచ్చరిక మొద్దుబారుతుంది. అందుచేత వార్డెనుకూ, గదిలో ఉండే స్నేహితులకూ విషయం ముందే చెప్పి, గ్లూకోజు అందుబాటులో ఉంచాలి.

ఎదుగుదల పూర్తయ్యాక ఇన్సులిన్ అవసరం నెమ్మదిగా తగ్గుతుంది, అది సహజం. కాని కారణం లేకుండా ఉన్నట్టుండి తగ్గిపోయి, మాటిమాటికీ లో అవుతూ, నీరసంతో పాటు చర్మం నల్లబడడం, ఉప్పు మీద విపరీతమైన కోరిక కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. టైప్ 1 ఉన్న కొద్దిమందిలో రోగనిరోధక శక్తి ఎడ్రినల్ గ్రంథులనూ దెబ్బతీస్తుంది; దాన్నే అడిసన్స్ వ్యాధి అంటారు. ఉదయం పూట రక్తంలో కార్టిసాల్ పరీక్షతో దాన్ని గుర్తించే ప్రయత్నం మొదలవుతుంది, మాత్రలతో చికిత్స ఉంది.